కొసరు బిళ్ళ

“కుడికాలు ఇంకో బెత్తెడు పైకి పెట్టండి, యువరాజా. బెత్తెడంటే బెత్తెడే. జానెడు కాదు.”

ఆ మాట గాలిలోంచి వచ్చింది. ఫేనగిరి నిలువు చరియను బల్లిలా కరుచుకుని ఉన్న ఉదారపురి యువరాజు మకరందవర్మ కాలు బెత్తెడు ఎత్తాడు. ఎత్తి, అలవాటు కొద్దీ ఇంకాస్త ఎత్తాడు. ఆ ఇంకాస్త దగ్గర రాయి లేదు. ముందు కాలు జారింది, తరువాత చెయ్యి జారింది. భుజాన ఉన్న కావడితో, దానికి వేలాడే మూడు నూనె కుండలతో సహా యువరాజు ఇరవై బారలు కిందికి జారి ఒక ఉత్తరేణి పొదలో కూర్చున్నాడు.

“పగిలాయా?” అంది గాలి.

“లేదు, రాకుమారీ. నాకేమీ కాలేదు.”

“నేను అడిగింది కుండల సంగతి.”

ఆ మాట్లాడేది నిజానికి గాలి కాదు, తులానగర రాకుమారి మితవల్లి. పది రోజుల కిందటి దాకా అందరికీ కనిపించిన పిల్లే. తులానగరంలో ఏదైనా తూచే ఇస్తారు. అక్కడ చీమ చక్కెర పలుకు ఎత్తుకుపోవాలన్నా త్రాసు దగ్గర ఒకసారి ఆగి వెళుతుందని చెప్పుకుంటారు. పక్క రాజ్యమైన ఉదారపురిలో మాత్రం ఏది ఇచ్చినా పైన కొసరు వెయ్యకుండా ఇవ్వరు. కుంచెడు బియ్యం ఇస్తే గుప్పెడు కొసరు. వందేళ్ళు బతకమని దీవిస్తే పైన ఒక ఏడు కొసరు. యుద్ధంలో కూడా ఉదారపురి సైన్యం శత్రువు మీద వంద బాణాలు వేసి, పాపం అని ఒకటి కొసరు వేస్తుంది. ఈ రెండు ఊళ్ళ పిల్లలకి పెద్దలు ఏ ధైర్యంతో సంబంధం కుదిర్చారో కానీ, కుదిర్చారు.

పెళ్ళికి వారం ఉందనగా తైలకంఠుడనే మాంత్రికుడు తలంటు పోసే ఆడమనిషి వేషంలో అంతఃపురంలో చొరబడ్డాడు. మితవల్లిని తనకిచ్చి చెయ్యలేదని వాడి మంట. నలుగు నూనె బదులు వాడు అదృశ్య లేపనం తెచ్చాడు. తల, ముఖం, భుజాలు, చేతులు, వీపు, పొట్ట, కాళ్ళు, పాదాలు, ఆ వరుసలో పూసుకుంటూ పోతే పూసినచోటల్లా, పైనున్న గుడ్డతో సహా మాయమైపోయింది. గాలిలో కంఠం ఒక్కటే మిగిలి, “ఈ నూనె చిక్కదనం చూస్తేనే అనుమానం వచ్చింది! పట్టుకోండి!” అని కేకలు పెట్టింది. చివరికి దానికీ ఇంత పులిమి, వాడు గానుగ రోకలి ఎక్కి కిటికీలోంచి ఎగిరిపోయాడు.

పోతూ పోతూ, “మండలం రోజులు! నలభైఒకటో రోజు మిట్టమధ్యాహ్నానికి లేపనం గొంతులోకి ఇంకుతుంది. ఆ తరువాత నీ మాట కూడా ఎవరికీ వినపడదు!” అని అరిచాడు.

కుంకుళ్ళు, సీకాయ, పెసరపిండి, సున్నిపిండి అన్నీ అయ్యాయి. దేనికీ లేపనం వదల్లేదు. ఫేనగిరి మీద నురుగులవ్వ అనే రాక్షసికి సబ్బు చెయ్యడం వచ్చనీ, ఆ సబ్బుకి తప్ప ఇది లొంగదనీ, చేసుకునేవాళ్ళే నూనెలు తెచ్చుకోవాలనీ ఆస్థాన వైద్యుడు చెప్పాడు. మకరందవర్మ రాకుమారిని వెంటబెట్టుకుని ఆ పూటే బయలుదేరాడు. కోతుల దీవిలో కోతులు విసిరిన కొబ్బరికాయలని కొన్ని చేతులతో, కొన్ని తలతో పట్టుకుని కొబ్బరినూనె సంపాదించాడు. నిద్రపోతున్న నాగుపాము పడగ కింద నుంచి నువ్వుల నూనె లాగాడు. ఆముదపు చేలో కాపలా ఉన్న భూతం, రెండు గరిటెలు తాగినవాడికే కుండ ఇస్తానంది. తాగాడు. అలవాటు చొప్పున భూతం ఇవ్వకముందే ఇంకో గరిటె కొసరు అడిగి తాగాడు. ఆ మర్నాడంతా ఏం జరిగిందో ఈ కథకి అవసరం లేదు. మొత్తానికి తొమ్మిది రోజులు అయిపోయాయి. ఇది పదో రోజు.

కొండ కొమ్ముకు చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. అక్కడి శోభ చూసి యువరాజు నోరు తెరిచాడు. ఆ శిఖరం కడిగిన ముత్యంలా ఉంది. రాళ్ళు పాలమీగడలా మెరుస్తున్నాయి. ఆకులకు దుమ్ము లేదు. పూలకు కూడా ఎవరో తడిగుడ్డ పెట్టినట్టున్నారు. గుహద్వారానికి రెండు వైపులా పుర్రెలు పొడుగు వారీగా పేర్చి ఉన్నాయి. ఒక్కదాని మీదా సాలెగూడు లేదు.

“ఎవర్రా అది? కాళ్ళు కడుక్కుని రా!” అని లోపలి నుంచి ఉరుము ఉరిమింది.

తాటిచెట్టంత రాక్షసి వంగి గుహలోంచి బయటికి వచ్చింది. జుట్టు గట్టిగా ముడి వేసి ఉంది. కోరలు మల్లెమొగ్గల్లా ఉన్నాయి. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి. మకరందవర్మ సర్రున కత్తి దూశాడు.

నురుగులవ్వ కత్తి వంక చూసి మొహం చిట్లించింది. “తుప్పు పట్టింది కదరా. చింతపండేసి తోమకూడదూ?”

“అవ్వా, నన్ను తింటావా?”

“మురికోళ్ళని తింటే నాకు పడదు. కడుక్కున్నోళ్ళని చూస్తే తినబుద్ధి కాదు. నలభై ఏళ్ళుగా రాగిసంకటి మీదే బతుకుతున్నా. సరే గానీ, నీ పక్కనున్న పిల్లెవరు? కనపడదు గానీ, ఊపిరి లెక్కపెట్టుకుంటూ తీస్తోంది.”

మితవల్లి జరిగిందంతా చెప్పింది. ఎక్కువ తక్కువలు లేకుండా పన్నెండు వాక్యాల్లో చెప్పింది. వింటూ వింటూనే అవ్వకు పిల్ల నచ్చేసింది.

“చోటుకో బిళ్ళ కావాలి. బిళ్ళ అరిగి అయిపోయేదాకా అక్కడే రుద్దాలి, ముక్కలు చెయ్యకూడదు. పూసిన వరుసలోనే కడగాలి. వరుస తప్పితే కడిగిందంతా మళ్ళీ మాయం. పోసిన నాటి నుంచి ముప్పై రోజులు ఆరితే గానీ సబ్బు పనికిరాదు. ఇయ్యాళ పదో రోజు కదూ? ఒక్కరోజు వెసులుబాటుంది. పదండి లోపలికి.” నాలుగడుగులు వేసి ఆగి, యువరాజు పట్టుబట్టలు చూసింది. “ఇవి తీసెయ్. క్షారం చుక్క పడితే గుడ్డకి చిల్లు పడుద్ది. ఒంటి మీద పడితే ఒంటికే చిల్లు.”

కిరీటం చిలక్కొయ్యకి తగిలించి, తన పాత ముతక చీర ఒకటి తెచ్చి యువరాజుకి తలనుంచి మడమల దాకా చుట్టింది. ముక్కుకి గుడ్డ కట్టింది. చేతులకు తోలు తొడుగులు వేసింది.

“పెళ్ళికూతురు బాగుంది” అంది గాలి.

గుహలో పని మొదలైంది. యువరాజు ఇత్తడి గిన్నె తీస్తే అవ్వ లాక్కుని, క్షారానికి ఇత్తడి ఆగదని రాచ్చిప్ప ముందు పెట్టింది. నూనెలు తూచే పని మితవల్లిది. గాలిలో త్రాసు నిలబడింది, గరిటె తేలింది. “ఒక చుక్క ఎక్కువైంది” అని చుక్క వెనక్కి పోయింది. “అర చుక్క తక్కువైంది” అని అర చుక్క ముందుకొచ్చింది. అవతల జాడీలో తెల్లటి ఉప్పుగల్లులా ఉన్న క్షారాన్ని మకరందవర్మ తూచాడు. తూచి, దాని మీద నీళ్ళు పొయ్యడానికి చెంబు ఎత్తాడు.

“ఆగరా!” అని అవ్వ అరిచిన అరుపుకి మూడు పుర్రెలు దొర్లాయి. “క్షారం మీద నీళ్ళు పోస్తే చిమ్మి మొహాన పడుద్ది. నీళ్ళల్లో క్షారం వెయ్యాలి. కొద్దికొద్దిగా, మొహం అటు తిప్పుకుని.”

నీళ్ళలో క్షారం పడగానే కింద మంట లేకుండానే రాచ్చిప్ప సలసలమంది. తెల్లటి పొగ లేచింది. యువరాజు చీర కుచ్చెళ్ళు ఎగదోపి కత్తి అందుకున్నాడు.

“భూతం! వెనక్కి జరగండి!”

“అది వేడిరా నాయనా. చల్లారాక నూనెలో పోద్దాం. కత్తి అక్కడ పెట్టు.”

చల్లారాక పోశారు. కొయ్య తెడ్డుతో తిప్పారు. చెక్కపెట్టెలో అరిటాకు పరిచి దింపి, పైన గొంగళి కప్పారు. మర్నాడు గొంగళి తీస్తే తెల్లగా, గట్టిగా, చూడముచ్చటగా ఉంది. అవ్వ సన్నటి తీగతో తొమ్మిది బిళ్ళలు కోసింది. కోసి, మొదటి బిళ్ళని చిటికెనవేలితో తాకి ఆ వేలు నాలుక చివర ఆనించుకుంది.

మరుక్షణం ఆమె తల గుహ కప్పుకి కొట్టుకుంది.

“మెరుపు! నాలిక మీద మెరుపు కొట్టింది! క్షారం ఎక్కువైంది! ఇది ఒంటికి రుద్దితే లేపనంతో పాటు తోలూ వస్తుంది. తూచింది ఎవరు?”

మకరందవర్మ గోడనున్న కిరీటం వంక చూశాడు.

“యువరాజా” అంది మితవల్లి మెల్లిగా. ఆమె మెల్లిగా మాట్లాడితే అవ్వకు కూడా భయం వేసింది. “తూచిన తరువాత ఏం చేశారు?”

“తూచాను. సరిగ్గానే తూచాను. ఆ తరువాత... గుప్పెడు.”

“గుప్పెడు ఏమిటి?”

“కొసరు” అన్నాడు. “తూచినంతే వేస్తే పిసినారితనంలా ఉంటుందని...”

“ఎవరికి? రాచ్చిప్పకా?”

“ఏడు తరాల అలవాటు, రాకుమారీ. మా తాతగారు కోట కడితే తలుపు కొసరు వేయించారు. అది ఎక్కడికీ తెరుచుకోదు. అయినా ఉంది.”

అవ్వ నెత్తి తడుముకుంటూ కూర్చుంది. “చూడబ్బాయ్. కొసరు తప్పు కాదు. నూనెకి కొసరెయ్యి, ఒళ్ళు మెత్తగా ఉంటుంది. క్షారానికి వేస్తే మాత్రం కాల్చి పారేస్తుంది. సరే, ఉన్న నూనె ఇంకొక్కసారికి వస్తుంది. ఇయ్యాళే పోస్తే నలభైఒకటో రోజుకి ఆరుద్ది. ఈసారి చెడితే ఈ పిల్ల గొంతు పోయినట్టే.”

ఈసారి క్షారం మితవల్లి తూచింది. అంతసేపూ యువరాజుని తన రెండు చేతుల మీదే కూర్చోబెట్టారు. నూనె కొసరు మాత్రం ఆయన్ని వెయ్యమన్నారు.

“ఎంత వేస్తారు?” అంది మితవల్లి.

“కొసరుకి ఎంత ఏమిటి? కొసరంటే కొసరే.”

“తూచి వెయ్యండి.”

“తూస్తే అది కొసరెలా అవుతుంది?”

“ఇరవై పాళ్ళకి ఒక పాలు” అని అవ్వ తీర్పు చెప్పింది. మితవల్లి ‘అదీ’ అంది. యువరాజు చిన్నబుచ్చుకున్నాడు.

వంతుల వారీగా తిప్పారు. మకరందవర్మ తిప్పేటప్పుడు చీర కట్టిన పహిల్వాను కనిపించేవాడు, మితవల్లి తిప్పేటప్పుడు తెడ్డు ఒక్కటే గుండ్రంగా తిరుగుతూ కనిపించేది. తెడ్డుతో తీసి పైన గీత గీస్తే అది మునిగిపోకుండా నిలవాలనీ, అప్పుడే పెట్టెలో పొయ్యాలనీ అవ్వ చెప్పింది. యువరాజు చాలాసేపు వంగి ఏదో గీశాడు.

“ఏమిటి రాస్తున్నారు?”

“మితవల్లి అని. నిలిచింది.”

ఆయన చేతిలోంచి లేచిన తెడ్డు ఒక క్షణం గాలిలో ఆగిపోయింది. “చిక్కబడిందన్నమాట. పొయ్యండి” అంది గాలి.

పోసేముందు యువరాజు గొంతు సవరించుకున్నాడు. “పెట్టెలో ఇంకొంచెం చోటుంది. పది బిళ్ళలకి సరిపోయేట్టు పోద్దాం. ఎందుకైనా మంచిది, ఒకటి కొసరుగా...”

“పూసింది తొమ్మిది చోట్ల. పదో బిళ్ళ ఏ చోటికి?”

తొమ్మిదే పోశారు. మర్నాడు కోసి అవ్వ నాలుకకి ఆనించుకుంది. ఈసారి కప్పు అదరలేదు. “వెన్న” అంది.

ఆ తొమ్మిదిటినీ పై బల్ల మీద ఆరబెట్టారు. చెడిన తొమ్మిదిటినీ కింది బల్ల మీద పెట్టింది అవ్వ. ఆమె దేన్నీ పారెయ్యదు, బండలు తోమడానికి పనికొస్తాయంది.

ఇక అసలు పరీక్ష మొదలైంది. కోతులకీ పాముకీ భూతానికీ జంకని మకరందవర్మకి ముప్పై రోజులు ఊరికే ఉండడమనే కష్టం వచ్చిపడింది. రోజుకొకసారి బిళ్ళలు తిరగెయ్యాలి. అంతే పని. ఆయన రెండుసార్లు తిరగేసి తెడ్డు దెబ్బ తిన్నాడు. చూస్తుండగానే బిళ్ళలు గట్టిపడుతున్నాయి, మితవల్లి గొంతు పలచబడుతోంది. ఇరవయ్యో రోజుకి అది పక్క గదిలోంచి వస్తున్నట్టుంది. ముప్పైఐదో రోజుకి మూతపెట్టిన పెట్టెలో గజ్జె కదిలినట్టుంది. అయినా, “ఎడమవైపు మూడోది అర అంగుళం పక్కకి జరిగింది” అని చెప్పడం మానలేదు. చెప్పగానే ఆయన కిక్కురుమనకుండా జరిపేవాడు. ఆ గొంతు వినబడినంతసేపూ ఆయనకి ధైర్యంగా ఉండేది.

నలభయ్యో రోజు పొద్దున్నే అవ్వ కొండ వెనక వైపు తోమాలని చీపురు తీసుకుని వెళ్ళింది. ఆమె అటు వెళ్ళిందో లేదో గుమ్మంలో ఒక మునీశ్వరుడు ప్రత్యక్షమయ్యాడు. మోకాళ్ళ దాకా జడలు, నాభి దాకా గడ్డం, కళ్ళలో వెయ్యి యజ్ఞాల పొగ, చేతిలో కర్ర. ఆయన నడిచిన చోట రాతి మీద చిన్న చిన్న మరకలు పడుతున్నాయి.

“భవతి భిక్షాం దేహి! తల్లీ, హిమగిరుల అవతల మూడు వందల ఏళ్ళు తపస్సు చేసి వస్తున్నాను. ఇంతకాలం మనిషి మొహం చూడలేదు.”

చీర ముసుగు సర్దుకుని మకరందవర్మ గొంతు సన్నం చేశాడు. “కూర్చోండి స్వామీ” అని చేటలో రాగిపిండి తెచ్చి, మూడు దోసిళ్ళు జోలెలో పోశాడు.

మునీశ్వరుడు కదల్లేదు. చాపిన అరచెయ్యి చాపినట్టే ఉంది.

“కొసరో?” అన్నాడు.

యువరాజు మొహం చాటంత అయింది. నలభై రోజుల తరువాత సొంత ఊరి మాట విన్నాడు. పిడికెడు పిండి పైన వేసి, “మీరు మా వైపు వాళ్ళేనన్నమాట! ఏ వీధి స్వామీ?” అన్నాడు.

“గుమ్మడిపాదుల వీధి. నూతి పక్క ఇల్లు” అని, మునీశ్వరుడు నాలిక కరుచుకున్నాడు.

“యువరాజా” అంది గాలి, చీమ గొంతుతో. “హిమగిరుల్లో గుమ్మడిపాదుల వీధి లేదు. రాతి మీద నూనె మరకలు చూడండి.”

జడలు ఊడిపడ్డాయి. గడ్డం ఊడిపడింది. చేతి కర్ర గానుగ రోకలి అయింది. లోపల తైలకంఠుడు నిలబడి ఉన్నాడు. పుట్టి బుద్ధెరిగి ఒళ్ళు కడగనివాడు. నూరు రకాల మంత్రతైలాలు అంగుళం మందాన పట్టి, ఒళ్ళంతా నల్లని అద్దంలా నిగనిగలాడుతోంది. కనుబొమల నుంచి చుక్కలు కారుతున్నాయి. మకరందవర్మ ఎగిరి కత్తి విసిరాడు. అది వాడి భుజం మీద పడి, నడుము మీదుగా జారి, మోకాలి దగ్గర మలుపు తిరిగి వెళ్ళి రాగిపిండిలో దిగబడింది.

“హహ్హహ్హ! ఈ జిడ్డు మీద ఏ ఆయుధమూ నిలవదురా, చీర కట్టిన యువరాజా! నా లేపనానికి విరుగుడు ఇక్కడ ఆరుతోందని నా ముక్కు చెప్పింది. ఇస్తావా? నోట్లోంచి నిప్పు ఊది గుహతో సహా తగలెయ్యమంటావా?”

మకరందవర్మ బుర్ర చురుగ్గా పని చేసింది. ఆయన బావురుమన్నాడు. ముసుగు కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాడు. “అయ్యో, నా రాకుమారి గతేమిటి!” అని రాగాలు తీస్తూ కింది బల్ల మీద ఉన్న చెడ్డ బిళ్ళలు తొమ్మిదీ మూటగట్టి వాడికి అందించాడు. ఏ అంతఃపురంలోనూ అంత బాగా ఏడ్చినవాళ్ళు లేరు.

తైలకంఠుడు మూట విప్పి లెక్కపెట్టుకున్నాడు. తొమ్మిది. తృప్తిగా తలాడించి మూట రోకలికి కట్టుకున్నాడు. ఎక్కబోతూ, వాడికే తెలియకుండా వాడి చెయ్యి ముందుకి చాచుకుంది.

మకరందవర్మకే తెలియకుండా ఆయన చెయ్యి వెనక్కి వెళ్ళి, అందిన బిళ్ళ ఒకటి తెచ్చి ఆ అరచేతిలో పెట్టింది.

రోకలి రివ్వున లేచి మబ్బుల్లోకి పోయింది.

“చూశారా రాకుమారీ! ఎలా బురిడీ కొట్టించానో!” అని యువరాజు చీర కొంగు గిరగిరా తిప్పాడు. “వాడు తీసుకుపోయింది బండలు తోమే సబ్బు!”

“పై బల్ల” అంది గజ్జెలాంటి గొంతు. “లెక్కపెట్టండి.”

ఆయన లెక్కపెట్టాడు. ఎటు నుంచి లెక్కపెట్టినా ఎనిమిదే ఉన్నాయి.

* * *

మర్నాడు నలభైఒకటో రోజు. ఇంకో దారి లేదు కనుక, పొద్దున్నే తెర కట్టి నురుగులవ్వ స్నానం మొదలుపెట్టించింది. మొదటి బిళ్ళ తల మీద అరిగింది. నల్లమబ్బు దిగివచ్చినట్టు జుట్టు కనబడింది. రెండో బిళ్ళకి ముఖం తేలింది. మకరందవర్మ తెర ఇవతల రాయి మీద కూర్చుని ఉన్నాడు. తెర మీదుగా పైకి లేచిన ఆ ముఖం చూసి ఆయన రాయి మీద నుంచి జారాడు. చిత్రపటంలో చూసిన ముఖమే. కానీ చిత్రకారుడు ఆ కనుబొమల ముడి వెయ్యలేదు.

భుజాలకి ఒకటి, చేతులకి ఒకటి, వీపుకి ఒకటి, పొట్టకి ఒకటి, కాళ్ళకి ఒకటి, పాదాలకి ఒకటి. ఎనిమిదీ అయిపోయాయి. మడత విప్పిన చీర కట్టుకుని మితవల్లి తెర తొలగించి వచ్చింది. పాదాల నుంచి భుజాల దాకా నిండుగా ఉంది. భుజాల పైన బెత్తెడు ఖాళీ. ఆ ఖాళీ పైన, దేనికీ ఆనకుండా, తల.

ఎండ నడినెత్తికి వస్తోంది. ఆమె యువరాజు ఎదుట నిలబడి, నలభై రోజులుగా దాచుకున్నది చెప్పడానికి ఊపిరి తీసుకుంది.

“యువరాజా, మీ కొసరు...” అంది.

అక్కడితో ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి. వేలు కదులుతోంది. కనుబొమలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. ఇంతకాలం ఒళ్ళు లేని మాటగా ఉన్న పిల్ల ఇప్పుడు మాట లేని ఒళ్ళుగా మారింది. ఆ సంగతి తెలిసిన క్షణంలో ఆమె చెయ్యి తన ఖాళీ కంఠం దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

పదో బిళ్ళ పోసి ఉంటే అన్న మాట మకరందవర్మ నాలిక చివరిదాకా వచ్చింది. ఆ కళ్ళు చూసి మింగేశాడు. ఆ కళ్ళలోనూ అదే మాట ఉంది.

“అవ్వా, ఏదైనా చెయ్యి!”

“ఇంకిన లేపనం ఆరడానికి పొద్దు గూకేదాకా పడుద్ది. ఈలోగా ఆ తొమ్మిదో బిళ్ళతో గొంతు కడిగితే మాట తిరిగొస్తుంది. పొద్దు గూకితే మాత్రం ఇంక లేదు.”

“వాడెక్కడున్నాడో మనకేం తెలుసు?”

సరిగ్గా అప్పుడే కొండ కింద నుంచి కేక వినిపించింది. ముగ్గురూ అంచుకి పరిగెత్తి చూశారు. కింద ఏరు కనబడలేదు. ఏరు ఉండాల్సిన చోట తెల్లటి నురుగు కొండ ఒకటి పెరుగుతోంది. తైలకంఠుడు విరుగుడు మిగలకుండా చెయ్యాలని తొమ్మిది బిళ్ళలనీ ఏట్లో వేసి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి రోకలితో కలిపినట్టున్నాడు.

అవ్వ నడుం పట్టుకుని పగలబడి నవ్వింది. “ఆ బిళ్ళల్లో మిగిలిపోయిన క్షారం నూనె కోసం వెతుక్కుంటా ఉంటుందిరా! వాడి ఒంటినిండా నూనే! వాడే సబ్బయిపోతున్నాడు!”

నురుగు మధ్య నుంచి “దురద! దురద!” అన్న అరుపులతో పాటు తైలకంఠుడు దొర్లుకుంటూ పైకి తేలాడు. వాడి జిడ్డు కవచం పాయలు పాయలుగా విడిపోతోంది. ఒళ్ళంతా మునుగుతున్నా ఒక చెయ్యి మాత్రం నీటి పైకి నిటారుగా ఎత్తి పెట్టుకున్నాడు. ఆ పిడికిట్లో తెల్లగా, తడి తగలకుండా, కొసరు బిళ్ళ ఉంది. గుమ్మడిపాదుల వీధివాడు ప్రాణం పోయినా కొసరు వదలడు.

ఏరు వాడిని పడమటి జలపాతం వైపు లాక్కుపోతోంది.

మితవల్లి ఆలోచించలేదు. అవ్వ చీరలు దాచుకునే పెద్ద చెక్కపెట్టెని ఈడ్చుకొచ్చి కొండ అంచున పెట్టింది. దొన్నెడు సబ్బు నీళ్ళు అడుగున చల్లి, లోపల ఎక్కి కూర్చుని యువరాజు వైపు చెయ్యి చాపింది. ఆయన చీర ఎగగట్టి, కత్తి నోట కరుచుకుని పెట్టెలో ఆమె ముందుకి దూకాడు. అవ్వ వెనక నుంచి ఒక్క తోపు తోసింది. తోశాక, ఇద్దరినీ చూసి ముచ్చటేసి, ఇంకో తోపు కొసరు తోసింది.

వెయ్యేళ్ళుగా తోమిన ఫేనగిరి మీద పెట్టె బాణంలా దిగింది. ఉత్తరేణి పొద ఎదురొచ్చి వెనక్కి పోయింది. చెవుల్లో గాలి ఈల వేసింది. కింద నురుగు నోరు తెరుచుకుని పెరుగుతోంది. దాని అవతల ఎత్తిపెట్టిన పిడికిలి ఒకటి జలపాతం అంచు వైపు జరుగుతోంది.

“గట్టిగా పట్టుకున్నారా?” అని అరిచాడు మకరందవర్మ నోట్లో కత్తితోనే.

జవాబు రాలేదు. ఇన్నాళ్ళూ వెనక ఆమె ఉందో లేదో ఆయన చెవితోనే తెలుసుకున్నాడు. మొట్టమొదటిసారి తల తిప్పి చూడాల్సి వచ్చింది.

ఉంది. తల తిప్పి చూస్తే దారి ఎవరు చూస్తారని కళ్ళెర్రజేస్తూ, వేలితో ముందుకి చూపిస్తోంది. ఆయన ముందుకి తిరిగాడు. తిరిగి, ఇంకొక్కసారి కొసరు చూశాడు.

ఆ కొసరు చూపు చూసేలోగా పెట్టె నురుగులోకి దూరింది.